కాగితం మీద సరిగ్గా ఉన్న ప్లాన్ త్రీడీలోకి వెళ్లగానే ఎందుకు చెడుతుంది?

30 × 40 అడుగుల స్థలం, అంటే 133 గజాలు. డ్రాఫ్ట్స్‌మన్ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాన్ గీసి ప్రింట్ ఇచ్చాడు. మేస్త్రి ఆ ప్రింట్ పట్టుకుని ముగ్గు పోశాడు. గోడలన్నీ కుదిరాయి, ఎవరికీ ఇబ్బంది రాలేదు. అదే ఫైలును ఎలివేషన్ (ఇంటి బయటి రూపం) చేసేవారు త్రీడీ సాఫ్ట్‌వేర్ స్కెచప్‌లో తెరిస్తే ఇల్లు మూరెడు పొడవుంటుంది, లేదా ఊరంత ఉంటుంది. సైజు సరిచేసినా గోడలు పైకి లేవవు. గీతలు వణుకుతూ కనిపిస్తాయి. వంపు తిరిగిన బాల్కనీ పలకలు పలకలుగా వస్తుంది. అప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ తప్పు గీశాడని వీళ్లు, సాఫ్ట్‌వేర్ బాగాలేదని వాళ్లు అనుకుంటారు. నిజానికి రెండు వైపులా తప్పేమీ జరగకపోయినా ఇది జరుగుతుంది.

1:100 స్కేలులో ప్రింట్ తీసినప్పుడు 0.25 మిల్లీమీటర్ల పెన్ను గీత నేల మీద 25 మిల్లీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. రెండు గోడ గీతలు మూల దగ్గర 10 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయినా కాగితం మీద అవి కలిసినట్టే ఉంటాయి. స్కెచప్ రెండు బిందువులను ఒకటిగా లెక్కించాలంటే వాటి మధ్య దూరం అంగుళంలో వెయ్యో వంతు లోపు ఉండాలి, అంటే 0.0254 మిల్లీమీటర్లు. కాగితం ఓర్చుకునే తేడాకూ మోడల్ ఓర్చుకునే తేడాకూ మధ్య దాదాపు వెయ్యి రెట్ల అంతరం ఉంది. బదిలీలో వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం ఈ అంతరంలోంచే పుడతాయి. అందుకే మరమ్మతు మొదలుపెట్టాల్సింది ఆటోక్యాడ్ ఫైలులో, అదీ ఎక్స్‌పోర్ట్ చేయడానికి ముందు.

యూనిట్: తప్పు ఎన్ని రెట్లో అదే చెబుతుంది

ఆటోక్యాడ్ గీతకు పొడవు ఉంటుంది కానీ కొలమానం ఉండదు. గీత పొడవు 480 అని మాత్రమే ఫైలులో ఉంటుంది. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో గీసినవారికి అది 480 అంగుళాలు, అంటే 40 అడుగులు. అదే ఇంటిని మిల్లీమీటర్లలో గీసినవారి ఫైలులో ఆ పక్క గోడ 12,192. సర్వే డ్రాయింగ్ అయితే మీటర్లలో 12.192. మన దగ్గర ఒకే ప్రాజెక్టులో ఈ మూడూ కలవడం మామూలే. ఇంటి ప్లాన్ అడుగులు అంగుళాల్లో, స్ట్రక్చరల్ డ్రాయింగ్ మిల్లీమీటర్లలో, సైటు సర్వే మీటర్లలో వస్తాయి.

ఆ అంకె ఏ కొలమానంలో ఉందో చెప్పేది ఇన్స్‌యూనిట్స్ అనే వేరియబుల్. అందులో 1 అంటే అంగుళం, 2 అడుగు, 4 మిల్లీమీటరు, 5 సెంటీమీటరు, 6 మీటరు, 0 అంటే ఏదీ చెప్పలేదని. యూనిట్స్ కమాండ్ తెరిచినప్పుడు పైన కనిపించే ‘ఆర్కిటెక్చరల్’, ‘డెసిమల్’ అనేవి అంకెను తెర మీద ఎలా చూపాలో చెప్పేవి మాత్రమే. ఇన్స్‌యూనిట్స్‌ను మార్చేది కింద ఉండే ఇన్సర్షన్ స్కేలు పెట్టె. చాలామంది పైది మార్చి కిందిది వదిలేస్తారు. దాంతో ఫైలు మీద ఒక కొలమానం పేరు, లోపల మరో కొలమానం ఉంటాయి.

తప్పు జరిగాక అది ఎక్కడ జరిగిందో కనుక్కోవడం తేలికే. 3 అడుగుల తలుపును కొలవండి. 25.4 రెట్లు పెద్దదైతే మిల్లీమీటర్లను అంగుళాలుగా చదివింది. 25.4 రెట్లు చిన్నదైతే అంగుళాలను మిల్లీమీటర్లుగా చదివింది. 12 రెట్ల తేడా ఉంటే అడుగు, అంగుళం తారుమారయ్యాయి. సరిగ్గా 1000 అయితే మీటరు, మిల్లీమీటరు. 40 అడుగుల ఇల్లు 1016 అడుగులు చూపిస్తే అది మొదటి రకం, 480 మిల్లీమీటర్లు చూపిస్తే రెండోది. ఈ అంకెల్లో ఏదీ కాకుండా 1.07 లాంటి తేడా వస్తే అది యూనిట్ సమస్య కాదు. ఎవరో బొమ్మను చేత్తో స్కేలు చేశారని అర్థం.

చిన్నగా వచ్చిన ప్లాన్‌ను స్కెచప్‌లోనే టేప్ మెజర్‌తో పెంచుకునే వీలుంది. రెండు చివరలు పట్టుకుని అసలు పొడవు టైపు చేస్తే మొత్తం మోడల్‌ను మార్చమంటారా అని అడుగుతుంది. ఆ దారి వద్దు. మీటర్ల డ్రాయింగ్ మిల్లీమీటర్లుగా వచ్చి ఉంటే అది ఇప్పటికే వెయ్యి రెట్లు కుంచించుకుపోయింది. అంగుళం లోపు దూరంలో ఉన్న బిందువులు ఆ సైజులో స్కెచప్ హద్దు కిందకు పోయి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కిటికీ ఫ్రేము రెండు గీతలు ఒక్కటైపోయాక ఎంత పెంచినా తిరిగి విడిపోవు. దాన్ని తీసేసి సరైన యూనిట్‌తో మళ్లీ ఇంపోర్ట్ చేయడమే మార్గం.

డీఎక్స్ఎఫ్ (డ్రాయింగును వేరే సాఫ్ట్‌వేర్‌లకు పంపే ఫార్మాట్) ఫైలైతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్లతో చూసుకోవచ్చు. అది మామూలు టెక్స్ట్ ఫైలు, ఒక లైనులో కోడ్, తర్వాతి లైనులో విలువ. పైభాగంలో ఇన్స్‌యూనిట్స్ పేరు వెతికితే దాని కింద 70, ఆ కింద 4 లేదా 1 ఉంటుంది. కిందికి వెళ్తే ప్రతి గీతా కనిపిస్తుంది. 8 తర్వాత లేయర్ (గీతలను విడదీసి ఉంచే పొర) పేరు, 10, 20, 30 తర్వాత మొదటి బిందువు ఎక్స్, వై, జెడ్ విలువలు, 11, 21, 31 తర్వాత చివరి బిందువువి. 30 కింద 0.0 ఉండి 31 కింద 0.3 ఉంటే ఆ గీత ఒక చివర పైకి లేచి ఉందన్న మాట. ఎక్కడ చెడిందో అంతుపట్టనప్పుడు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. ఒక జాగ్రత్త: ‘ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది’ అని చాలామంది ఎంచుకునే పాత వెర్షన్ ఆర్12 డీఎక్స్ఎఫ్‌లో ఇన్స్‌యూనిట్స్ అసలు ఉండదు. స్ప్లైన్ (స్వేచ్ఛగా తిరిగే వంపు), ఎలిప్స్ (దీర్ఘవృత్తం) కూడా ఉండవు, అవి చిన్న చిన్న గీతలుగా మారిపోతాయి. ఆర్12 పంపేటప్పుడు యూనిట్ ఏమిటో ఫైలు పేరులోనే రాయాలి.

తొమ్మిదంగుళాల గోడ 230 కాదు

ఇది మన దగ్గర ప్రత్యేకంగా కనిపించే చిక్కు. వాడుకలో 9 అంగుళాల గోడనే 230 మిల్లీమీటర్ల గోడ అంటాం. లెక్క ప్రకారం 9 అంగుళాలు 228.6 మిల్లీమీటర్లు. 4½ అంగుళాలు 114.3, స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో అదే 115. తాపీ పనిలో ఈ తేడాకు అర్థం లేదు, ప్లాస్టరింగ్‌లోనే కలిసిపోతుంది. కానీ అంగుళాల ప్లాన్ మీద మిల్లీమీటర్ల కాలమ్ లేఅవుట్ పెట్టినప్పుడు ప్రతి గోడ దగ్గరా 1.4 మిల్లీమీటర్ల చీలిక వస్తుంది. తెర మీద కనపడదు. స్కెచప్‌కు మాత్రం అది తన హద్దుకు 55 రెట్లు పెద్దది. అక్కడ సన్నటి పేలికలాంటి ముఖాలు (మూసిన గీతల మధ్య ఏర్పడే తలాలు, అంటే ఫేస్‌లు) పుడతాయి, పుష్‌పుల్ (ముఖాన్ని పైకి లేపే టూల్) చేస్తే గోడ పక్కన కాగితమంత మందంలో ఇంకో గోడ లేస్తుంది. రెండు డ్రాయింగుల్లో దేని కొలత ప్రకారం మోడల్ కట్టాలో మొదటే తేల్చుకుని రెండోదాన్ని కేవలం ఆనవాలుగా విడి గ్రూపులో ఉంచాలి.

ఇలాంటిదే ఇంకా ప్రమాదకరమైనది టైపు చేసిన కొలత. గీత పొడవు 9 అడుగుల 10½ అంగుళాలు వచ్చిందనుకోండి. సరిచేసే తీరిక లేక డైమెన్షన్ మీద 10'-0" అని టైపు చేసేస్తారు. మేస్త్రి అంకె చూసి కడతాడు కాబట్టి కాగితం మీద అది నడిచిపోతుంది. మోడల్ అంకెను చూడదు, గీతనే తీసుకుంటుంది. ఇంపోర్ట్‌లో డైమెన్షన్లు ఎలాగూ రావు కాబట్టి తేడా ఉందనే సంగతి చెప్పేవారే ఉండరు. డైమెన్షన్లు ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ‘టెక్స్ట్ ఓవర్‌రైడ్’ గడి చూడండి. ఖాళీగా ఉండాలి. అంకె ఉంటే దాన్ని తుడిచేయండి, లేదా <> అని పెట్టండి. అసలు కొలత బయటపడుతుంది. ఎక్స్‌పోర్ట్‌కు ముందు చేసే పనుల్లో ఇది మొదటిది కావాలి. ఎందుకంటే గీత తప్పా అంకె తప్పా అనేది డ్రాఫ్ట్స్‌మన్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం, సాఫ్ట్‌వేర్ తేల్చేది కాదు.

కనపడని ఎత్తు

పై నుంచి చూస్తే ప్లాన్ చదునుగానే ఉంటుంది. జెడ్ విలువ ఎంతున్నా ప్రింట్‌లో తేడా రాదు. ఎక్కడి నుంచో తెచ్చిన ఫర్నిచర్ బ్లాకులో (ఒకే వస్తువుగా దాచిన గీతల గుంపు) కొన్ని గీతలు ఎత్తులో ఉంటాయి. సర్వే కాంటూరు (నేల ఎత్తు చూపే గీత) మీద ఎండ్‌పాయింట్ స్నాప్ (గీత చివరకు అతుక్కునే సదుపాయం) పెట్టి గీస్తే ఆ కాంటూరు ఎత్తు గీతకు అంటుకుంటుంది. గది నాలుగు గీతల్లో ఒక్కదాని చివర 0.3 మిల్లీమీటర్లు లేచి ఉన్నా నాలుగూ ఒకే తలంలో ఉండవు. తలం లేనిచోట స్కెచప్ ముఖం కట్టదు. ‘గీతలన్నీ కలిసే ఉన్నాయి, అయినా ఫేస్ రావడం లేదు’ అన్నప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఇదే.

ఆటోక్యాడ్‌లో ఎక్స్‌ప్రెస్ టూల్స్ ఉంటే గీతలన్నిటినీ చదును చేసే ఫ్లాటెన్ కమాండ్ ఉంది. హిడెన్ లైన్లు తీసేయాలా అని అడిగితే ‘నో’ చెప్పాలి. ఆటోక్యాడ్ ఎల్‌టీ (తక్కువ సదుపాయాల వెర్షన్) వాడేవారికి ఆ టూల్స్ ఉండవు. వారికి పాత పద్ధతి ఒకటి పనికొస్తుంది. అన్నీ ఎంచుకుని మూవ్ కమాండ్‌లో 0,0,0 నుంచి 0,0,1ఈ99కి జరపండి, మళ్లీ మూవ్ ఇచ్చి 0,0,0 నుంచి 0,0,-1ఈ99కి తిరిగి దించండి. 1ఈ99 అంటే ఒకటి పక్కన 99 సున్నాలు. కంప్యూటర్ ఒక అంకెలో 15, 16 స్థానాలే గుర్తుంచుకుంటుంది. అంత పెద్ద అంకెకు 0.3 కలిపితే ఆ 0.3 స్థానాల్లోంచి జారిపోతుంది. తిరిగి తీసేసినప్పుడు మిగిలేది సున్నా. బ్లాకుల లోపల ఉన్న ఎత్తులు మాత్రం దీనితో పోవు, లాక్ చేసిన లేయర్లు కదలవు. ఇకముందు గీసేటప్పుడు జెడ్ అంటుకోకుండా ఉండాలంటే ఓస్నాప్‌జెడ్‌ను 1 చేసి ఉంచుకోవాలి.

దూరంగా ఉన్న మూలబిందువు

టోటల్ స్టేషన్‌తోనో డీజీపీఎస్‌తోనో చేసిన సర్వే డ్రాయింగులు యూటీఎం నిర్దేశాంకాల్లో (భూమిని జోన్లుగా విడగొట్టి, ఉత్తర దూరాన్ని భూమధ్యరేఖ నుంచి మీటర్లలో కొలిచే పద్ధతి) వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్‌లో ఉంటుంది. 78వ రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని 43లోకి, 84కు తూర్పున ఉన్న ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి. హైదరాబాద్‌లోని స్థలానికి ఉత్తర నిర్దేశాంకం 19 లక్షల 20 వేల మీటర్ల చిల్లర. అంటే ఇల్లు మూలబిందువుకు 1,900 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

ఆటోక్యాడ్ డబుల్ ప్రెసిషన్‌లో (15, 16 స్థానాలతో) లెక్కిస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ సింగిల్ ప్రెసిషన్‌లో బిందువులను దాచుకుంటుంది. అందులో అంకెకు 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది. 19 లక్షల దగ్గర ఆ ఖచ్చితత్వం మీటరులో ఎనిమిదో వంతు, అంటే 12.5 సెంటీమీటర్లు. ప్రతి మూలా దగ్గర్లోని 12.5 సెంటీమీటర్ల మెట్టుకు అతుక్కుంటుంది. 4½ అంగుళాల గోడ రెండు గీతలు ఒకే మెట్టు మీద పడి మాయం కావచ్చు, లేదా 12.5 సెంటీమీటర్ల గోడ కావచ్చు. స్కెచప్ లోపల లెక్క డబుల్‌లోనే ఉన్నా తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు అంత ఖచ్చితత్వంతో గీయదు. దాంతో గీతలు వణుకుతాయి, జూమ్ చేస్తుంటే ముఖాలు తెగిపోయి కనిపిస్తాయి. భవనాల మోడలింగ్ సాఫ్ట్‌వేర్ రెవిట్ మూలబిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటిన జ్యామితిని సరిగ్గా నిర్వహించలేదు, హెచ్చరిక ఇస్తుంది.

స్థలం నైరుతి మూలనో, ఏదో ఒక కాలమ్ గ్రిడ్ కూడలినో పట్టుకుని 0,0,0కు జరపడం దీనికి మందు. ఎంత జరిపారో ఆ రెండు అంకెలను డ్రాయింగ్‌లోనే టెక్స్ట్‌గా రాసిపెట్టాలి. తిరిగి సర్వే మీద కూర్చోబెట్టాల్సిన రోజు తప్పకుండా వస్తుంది. అన్ని అంతస్తుల ప్లాన్లకూ ఒకే బిందువు వాడాలి. గ్రౌండ్ ఫ్లోర్‌కు గేటు మూల, ఫస్ట్ ఫ్లోర్‌కు మెట్ల మూల పట్టుకుంటే కాలమ్‌లు ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

ఎక్స్‌పోర్ట్‌కు ముందు అరగంట

అసలు ఫైలు జోలికి పోకుండా కాపీ తీసుకోండి. ఆడిట్ నడపండి, తప్పులు సరిచేయాలా అంటే ‘ఎస్’. ఎక్స్‌రెఫ్‌లుంటే (బయటి నుంచి జోడించిన డ్రాయింగులు) ఈ ఫైలులోకే బైండ్ చేయాలి. అక్కడ ‘ఇన్సర్ట్’ ఎంచుకుంటే లేయర్లు కలిసిపోతాయి, ‘బైండ్’ ఎంచుకుంటే ప్రతి లేయర్ పేరు మధ్యలో $0$ చేరి పేర్లు బారెడవుతాయి. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లోనో సివిల్ త్రీడీలోనో గీసిన ఫైలైతే అందులోని గోడలు, తలుపులు మామూలు గీతలు కావు. ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ కమాండ్ ఇస్తే అవి సాదా గీతలవుతాయి. ఈ పని చేయకపోతే అవతలి సాఫ్ట్‌వేర్‌లో గోడలే లేని ప్లాన్ తెరుచుకుంటుంది.

తర్వాత హ్యాచ్ (లోపల నింపిన గీతల నమూనా), డైమెన్షన్, టెక్స్ట్, టైటిల్ బ్లాక్, వాస్తు దిక్కుల గుర్తు, చెట్లు, కార్లు అన్నీ తీసేయండి. టైల్స్ హ్యాచ్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి గీతలుగా పేల్చి) పంపితే ఒక్క హాలుకే వేల గీతలవుతాయి. మిగలాల్సింది గోడలు, కాలమ్‌లు, తలుపు కిటికీ ఖాళీలు, మెట్లు, స్లాబు అంచు, సన్‌షేడ్ అంచు. వీటిని విడివిడి లేయర్లలో ఉంచండి. ఇప్పుడు ఫ్లాటెన్, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలను తీసేసే ఓవర్‌కిల్. ఈ వరుస మారకూడదు. ఒకే చోట రెండు గీతలుండి ఒకటి కాస్త ఎత్తులో ఉంటే ముందు ఓవర్‌కిల్ నడిపినా అవి వేర్వేరు గీతలనే అనుకుని వదిలేస్తుంది. చదును చేశాకే ఒకదాని మీద ఒకటి పడతాయి, అప్పుడు తొలగిస్తుంది. ఓవర్‌కిల్ టాలరెన్స్ మొదట్లో 0.000001 ఉంటుంది. మిల్లీమీటర్ల డ్రాయింగ్‌కు 0.1 దాకా పెంచినా నష్టం లేదు. చివరగా వాడని బ్లాకులు, లేయర్లను తీసేసే పర్జ్, ఆపై డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైలు. డబ్ల్యూబ్లాక్ ఎంచుకున్నవాటినే తీసుకెళ్తుంది కాబట్టి పాత ఫైలులో పేరుకున్న చెత్త వెనకే ఉండిపోతుంది.

కట్టడానికి అనుమతి కోసం ఆన్‌లైన్ స్క్రూటినీకి తయారుచేసిన డ్రాయింగ్ ఉంటే పని సగం తగ్గుతుంది. అక్కడ ప్రతి భాగమూ నిర్ణయించిన లేయర్‌లో మూసిన పాలీలైన్‌గా (ముక్కలన్నీ కలిసి ఒకే గీతగా) ఉండాలి. మోడల్‌కు కావాల్సిందీ అదే.

స్కెచప్ లోపల

ఇంపోర్ట్ పెట్టెలో ఆప్షన్స్ తెరవకుండా ముందుకు పోవద్దు. యూనిట్ అక్కడే ఎంచుకోవాలి. ‘ప్రిజర్వ్ డ్రాయింగ్ ఆరిజిన్’ టిక్ చేయాలి, అప్పుడే అన్ని అంతస్తులూ ఒకే బిందువు మీదకు వస్తాయి. లేయర్లు ట్యాగులుగా, బ్లాకులు కాంపొనెంట్లుగా వస్తాయి. రాగానే పనిలో పడకుండా ఒక కొలత చూసుకోండి. 30 × 40 స్థలానికి మూల నుంచి మూలకు సరిగ్గా 50 అడుగులు రావాలి. మేస్త్రులు మూలమట్టం చూసే 3-4-5 లెక్కే ఇది. 50 వస్తే యూనిట్, మూలల లంబకోణం రెండూ ఒకేసారి ఖాయమైనట్టు. 50 అడుగుల ఒక అంగుళం వస్తే యూనిట్ సరే, స్థలమే కాస్త వాలుగా గీశారు.

తర్వాత వచ్చిన గీతల మీదనే పుష్‌పుల్ చేయాలా, వాటిని కింద ఉంచి పైన కొత్తగా గీసుకోవాలా? ఇంటి ప్లాన్ వరకు రెండోదే మేలు. పాతిక గోడల ప్లాన్‌లో విరిగిన గీతలు వెతికి అతికించే సమయంలో మొత్తం కొత్తగా గీయవచ్చు. వచ్చిన డ్రాయింగ్‌ను గ్రూపు చేసి లాక్ చేయండి. దాని మూలలకు స్నాప్ అవుతూ రెక్టాంగిల్‌తో గోడలు గీసి లేపండి. తలుపుల దగ్గర గోడను ఆపకుండా పూర్తిగా లేపి 7 అడుగుల దగ్గర లింటెల్ కింద ఖాళీ కోయడం తేలిక. లేఅవుట్ వెంచర్‌లాంటి వందల ప్లాట్ల డ్రాయింగ్ అయితే చేత్తో గీయలేం. అక్కడ ఆటోక్యాడ్‌లోనే బౌండరీ కమాండ్‌తో మూసిన పాలీలైన్లు చేసుకుని రావాలి. వచ్చాక ముఖం పడనిచోట ఏదో ఒక అంచు మీద అదే గీతను మళ్లీ గీస్తే పడుతుంది.

ఆటోక్యాడ్ నుంచి వచ్చినవారు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. లేయర్ వేరైతే గీతలు అంటుకోవనుకుంటారు. స్కెచప్ ట్యాగ్ చూపడానికి, దాచడానికి మాత్రమే. వేర్వేరు ట్యాగుల్లో ఉన్నా గీతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒకటి జరిపితే ఇంకోటి సాగుతుంది. విడదీసేది గ్రూపు ఒక్కటే. గీతలన్నీ అన్‌ట్యాగ్డ్‌లో ఉంచి గ్రూపులకు ట్యాగ్ ఇవ్వాలి. మిర్రర్ చేసిన బ్లాకుల్లో ముఖాలు తిరగబడి నీలం బూడిద రంగు వెనకవైపు బయటికి వస్తుంది. రెండరింగ్‌కు పంపేముందు రివర్స్ ఫేసెస్ చేయకపోతే కొన్ని రెండరర్లలో ఆ గోడలు అసలే కనపడవు.

వంపుల సంగతి కాస్త లెక్కతో చూడాలి. స్కెచప్‌లో వృత్తం అంటే మామూలుగా 24 సరళరేఖలు. 1500 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి బాల్కనీలో ఒక్కో రేఖ మధ్యభాగం అసలు వంపుకు 12.8 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. 96 రేఖలు చేస్తే తేడా 0.8 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఎలివేషన్ బొమ్మకు 48 చాలు. ఆ మోడల్ నుంచే రెయిలింగ్ వంచాలన్నా గ్రానైట్ కోయాలన్నా ఆ 12.8 అక్కడ చేరుతుంది. అలాంటి పనికి కొలత ఆటోక్యాడ్ ఆర్క్ నుంచే ఇవ్వాలి. ఆర్క్ పూర్తిగా సరళరేఖ అయిపోయి వస్తే కారణం వేరు. పాలీలైన్ వంపు డీఎక్స్ఎఫ్‌లో 42 అనే కోడ్ కింద ఒక్క అంకెగా ఉంటుంది. అది ఆర్క్ కోణంలో నాలుగో వంతుకు టాంజెంట్. అర్ధవృత్తానికి 1, పావు వృత్తానికి 0.4142. ఆ కోడ్ చదవని ప్రోగ్రామ్ రెండు చివరలనూ నేరుగా కలిపేస్తుంది. పాలీలైన్‌ను ఎక్స్‌ప్లోడ్ చేసి పంపితే ఆర్క్ విడి ఆర్క్‌గా వెళ్లి బతుకుతుంది.

మిగతా దారులు

బ్లెండర్ డీడబ్ల్యూజీని (ఆటోక్యాడ్ సొంత ఫైలు ఫార్మాట్) నేరుగా తెరవదు. ఓడీఏ ఫైల్ కన్వర్టర్‌తో డీఎక్స్ఎఫ్ చేసుకుని యాడ్-ఆన్ ద్వారా తేవాలి. అక్కడ ఒక యూనిట్ ఒక మీటరు. మిల్లీమీటర్ల ప్లాన్ అలాగే వస్తే 40 అడుగుల ఇల్లు 12 కిలోమీటర్లవుతుంది. వ్యూపోర్ట్ మామూలుగా 1000 మీటర్ల దాకానే చూపిస్తుంది కాబట్టి ఇంపోర్ట్ విఫలమైందనుకుని నాలుగైదుసార్లు ప్రయత్నించేవారున్నారు. అన్నీ ఎంచుకుని 0.001తో స్కేలు చేసి, స్కేలును అప్లై చేయాలి.

మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ త్రీడీఎస్ మాక్స్‌లో సిస్టమ్ యూనిట్, డిస్‌ప్లే యూనిట్ వేర్వేరు. మార్చాల్సింది సిస్టమ్ యూనిట్, అదీ ఫైలు తేవడానికి ముందు. మాక్స్‌లో ఫైల్ లింక్ మేనేజర్, రెవిట్‌లో లింక్ క్యాడ్ వాడితే ప్లాన్ మారినప్పుడు రీలోడ్ నొక్కితే సరిపోతుంది. రెవిట్‌లో ఇంపోర్ట్ చేసి ఎక్స్‌ప్లోడ్ చేయడం ప్రాజెక్టు ఫైలును పాడుచేసే పని. అంగుళంలో ముప్పైరెండో వంతు కంటే పొట్టి గీతలను అది పారేస్తుంది, పనికిరాని లైన్ స్టైళ్లు వందల్లో పోగవుతాయి.

యంత్ర భాగాలకు ఈ మార్గాలేవీ సరిపోవు. మెకానికల్ క్యాడ్‌లో సిలిండర్ అంటే వ్యాసార్థం, అక్షం తెలిసిన నిజమైన వక్రతలం. దాన్ని అలాగే మోసుకెళ్లేది స్టెప్ ఫార్మాట్. ఐఎస్ఓ 10303 పేరుతో 1994 నుంచి అమల్లో ఉంది, యూనిట్ కూడా ఫైలులోనే ఉంటుంది. ఎస్‌టీఎల్‌లో ఉండేవి త్రిభుజాలు మాత్రమే, యూనిట్ ఉండదు. త్రీడీ ప్రింటింగ్‌కు అది చాలు. ఎస్‌టీఎల్ చేశాక రంధ్రం వ్యాసం 8 నుంచి 8.5కు మార్చమంటే అక్కడ వ్యాసం అనేదే లేదు. కాబట్టి స్టెప్ ఫైలు దాచుకోకుండా ఎస్‌టీఎల్ ఒక్కటే పంపించుకోవద్దు.

ఇంటి పేరు బోర్డు, స్వాగత తోరణం మీద తెలుగు అక్షరాలు పంపేవారికి వేరే తిప్పలు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా మారుతుంది. యూనికోడ్‌లో కొట్టినా ఇంపోర్ట్‌లో టెక్స్ట్ రాదు. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో రాస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. అక్కడ ‘ఆబ్జెక్ట్ టు పాత్’ చేసి ఆర్14 డీఎక్స్ఎఫ్‌గా దాచి, ఆ ఫైలును పంపాలి. అక్షరాన్ని రేకులోంచి ఆరపార కోయించేటట్టయితే ‘థ’ కడుపులోని చుక్క, ‘ర’ లోపలి గుండ్రం ఊడి కింద పడిపోతాయి. వాటిని పట్టి ఉంచే సన్నటి వంతెనలు పాత్ దశలోనే గీసుకోవాలి.

తిరుగు ప్రయాణం

మోడల్ నుంచి వర్కింగ్ డ్రాయింగ్ తీయాలంటే స్కెచప్‌లో కెమెరాను ప్యారలల్ ప్రొజెక్షన్‌కు మార్చి, టాప్ లేదా ఫ్రంట్ వ్యూ పెట్టి, టూడీ డీడబ్ల్యూజీగా ఫుల్ స్కేలులో ఎక్స్‌పోర్ట్ చేయాలి. పర్‌స్పెక్టివ్‌లో ఉంటే స్కేలు ఆప్షనే పనిచేయదు. వచ్చిన ఫైలులో వంపులు ముక్కలుగానే ఉంటాయి, ఒక అంచు రెండు మూడు సార్లు పడి ఉంటుంది. ఓవర్‌కిల్ నడిపి, వంపులను ఆర్క్‌తో తిరిగి గీసి, అప్పుడే కొలతలు వేయాలి.

అసలైన ఇబ్బంది మోడల్ పూర్తయ్యాక ప్లాన్ మారినప్పుడు వస్తుంది. స్కెచప్‌లోకి వచ్చిన డీడబ్ల్యూజీకి మూల ఫైలుతో బంధం ఉండదు. కొత్త ప్లాన్‌ను అదే మూలబిందువుతో వేరే గ్రూపుగా తెచ్చి, తేదీతో ట్యాగ్ పెట్టి, గీతలకు ఇంకో రంగు ఇచ్చి పాతదాని మీద పెట్టండి. కిచెన్ గోడ 6 అంగుళాలు జరిగితే రెండు రంగులు పక్కపక్కన కనిపిస్తాయి. ఆటోక్యాడ్ 2019 నుంచి డీడబ్ల్యూజీ కంపేర్ కూడా ఉంది. పాత, కొత్త ఫైళ్లను పోల్చి మారిన చోట్ల చుట్టూ రివిజన్ క్లౌడ్ గీసి చూపిస్తుంది. ఆ మేఘాలున్న ప్రింట్‌ను పక్కన పెట్టుకుని మోడల్‌లో ఒక్కో గోడా సరిచేస్తూ, అయినదాని మీద టిక్ పెట్టుకుంటూ పోవాలి. పాత గ్రూపును అప్పుడే చెరిపేయొద్దు. మూడో రివిజన్‌లో ఆ గోడ మళ్లీ మొదటి చోటికి వచ్చే అవకాశం ఉంది.